కొత్త లంగాలతో భద్రాచలం దాకా

భద్రాచలం చూసినవాళ్ళు మా వైపు ఇంటికొకరు ఉంటారు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పాల్వంచ దాటగానే కునికి, గోదావరి వంతెన మీద ఎవరో తట్టి లేపితే దండం పెట్టుకున్నవాళ్ళు. నేను చెప్పేది వాళ్ళకు కాదు. సైకిల్ నేర్చుకుని మూడు నెలలైనా కాకముందే కారేపల్లి నుంచి అంత దూరం తొక్కుకుంటూ పోవాలని ఎవరికైనా బుద్ధి పుడితే, వాళ్ళు ఒకసారి ఇది చదివి బయల్దేరితే మంచిది. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, ఎన్ని కిలోమీటర్లు, ఏ రోడ్డు అని నన్నడగొద్దు. ఎక్కడ ఏం తిన్నాం, ఎవరు ఏమన్నారు, మంట ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోయింది, అవి అడగండి. ఒక్కటీ మరిచిపోలేదు.

కారేపల్లి

నేను కూరగాయలు అమ్ముతాను. గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల తండాలకు పోతే, మూడో తండా చేరేసరికి వంకాయలు వాడిపోయేవి. నా మెడ వాటికంటే ముందే వాడిపోయేది. మా అక్క మొగుడికి బస్టాండు దగ్గర టీ హోటల్ ఉంది. వాళ్ళమ్మాయి చదువుకని హాస్టల్‌కు పోయాక ఆమె లేడీస్ సైకిల్ హోటల్ వెనక కొట్లో పడి ఉంది. ఆ సైకిలే నాకుంటే ఎండ ముదరకముందే అన్ని తండాలూ తిరిగి ఇల్లు చేరొచ్చు. ఆ ఆశతోనే కిరాయి సైకిల్ తెచ్చుకుని బడి మైదానంలో పడీ లేచీ తొక్కడం నేర్చుకున్నాను. నేర్చుకున్నాక బావను అడిగేశాను.

"బావా, ఊకె తుప్పు పడుతున్నది గద, గా సైకిల్ నాకియ్యరాదు?"

బావ టీ వడపోస్తూ హోటల్లో ఉన్నవాళ్ళందరికీ వినబడేట్టు అన్నాడు. "నీకిస్తే గోడలు కూలుతయి మరదలా. బడి గోడకు నువ్వు పెట్టిన సొట్ట నేను జూడలేదనుకున్నవా?"

అందరూ నవ్వారు. నాకు రోషం వచ్చింది. "భద్రాచలం దాకనైనా తొక్కుత, సూస్తవా?"

"తొక్కు మరి! నడుమ బస్సెక్కొద్దు, లారీ ఎక్కొద్దు. తొక్కుకుంటనే పోయి రామయ్యకు మొక్కినవంటే సైకిల్ నీది. ఎక్కినవనుకో, సైకిల్ మా సుగుణది. సాక్ష్యానికి సుగుణే నీతోని వస్తది."

సుగుణమ్మ బావ చెల్లెలు. నాకు వదిన వరస, ఆమెకు నేనూ వదిననే. నాకంటే జానెడు పొడుగు, నోరు అంతకంటే పొడుగు. జాకెట్లు కుట్టి ఇంటింటికీ తిరిగి ఇచ్చి వస్తుంది, కాబట్టి ఆమెకూ సైకిల్ అవసరమే. అంటే నేను ఓడిపోతే లాభపడే మనిషే నాకు సాక్షి. మా బావ తెలివి అలాంటిది. నాకు కొట్లోని సైకిల్ దులిపిచ్చి, సుగుణమ్మకు ఇంకో లేడీస్ సైకిల్ కిరాయికి తెచ్చిచ్చాడు.

రాముడి దగ్గరికి పోతూ పాత బట్టలు కట్టుకోరు కదా. మాఘమాసం చలిలో, ఉతకని కొత్త బట్టల మూలలకు పసుపు పెట్టి మరీ కట్టుకుని బయల్దేరాం. లోపలి లంగాలు కూడా కొత్తవే. సుగుణమ్మే కుట్టింది. "దారిల చిరిగితే ఇజ్జత్ పోతది" అని ఒక్కో కుట్టునూ మడతేసి, దానిమీద మళ్ళీ కుట్టి, తాడులాగా చేసింది. బట్టలో గంజి ఇంకా పోలేదు. కట్టుకుంటే లంగా తనంతట తనే నిలబడేలా ఉంది. నేనింకో అడుగు ముందుకేసి సీటు మీద పాత బొంత మడతపెట్టి, అది జారకుండా పైన ప్లాస్టిక్ కవరు కట్టాను. రాజుగారి సింహాసనం కూడా అంత ఎత్తుండదు.

ఇల్లెందు

ఇల్లెందుకు సగం దారిదాకా నా అంత గొప్పది లేదనుకున్నాను. చేలల్లో మిరపకాయలు ఏరే ఆడవాళ్ళు లేచి నిలబడి "ఎక్కడికమ్మా?" అని కేకేస్తే "భద్రాచలం" అని ఎంత గట్టిగా అరిచానో! అరుపు పూర్తయ్యేలోపే కింద ఏదో చురుక్కుమంది. చీమేమో అనుకున్నాను. చీమ కాదు.

ప్లాస్టిక్ కవరు కింద చెమట, పైన జారుడు. జారినప్పుడల్లా ఆ తాడులాంటి కుట్టు తొడ సందున రంపంలా ఆడుతోంది. ఇల్లెందులో దిగేసరికి నడక మారిపోయింది. బాతుకు నాకూ తేడా లేదు.

టీ కొట్టు ఆమె బల్ల మీది ఎంగిలి గ్లాసులు తీసి, కొంగుతో తుడిచి, "కూసోండ్రి అక్కా" అంది. ఇక్కడే నేను మొదటి తప్పు చేశాను. ఎక్కడ నొప్పో చెప్పలేక, "వద్దమ్మా, మోకాలు పట్టేసింది" అన్నాను. సుగుణమ్మ ముందు అసలు మాట ఎలా చెప్పను? ఆమెకు చెప్పడమంటే బావకు చెప్పినట్టే, బావకు చెప్పడమంటే హోటల్‌కొచ్చే ప్రతి మనిషికీ టీతో పాటు పోసినట్టే.

"నాక్కూడ నడుము పట్టేసింది" అంది సుగుణమ్మ. ఆమె కూడా నిలబడే టీ తాగింది. నేను నిలబడితే తాను కూర్చోవడం మర్యాద కాదనుకుందేమో, ఎంతైనా పెద్దింటి పిల్ల అనుకున్నాను. టీ రెండు రూపాయలు, మిరపకాయ బజ్జీ రూపాయి. బజ్జీ మా బావ హోటల్ బజ్జీకంటే రెండింతలుంది. ఆ సంగతి ఊరికొచ్చాక బావకు చెప్పకుండా ఉండలేదు.

టీ గ్లాసు తిరిగిస్తూ సుగుణమ్మ రోడ్డువైపు చూసి మెల్లగా అంది. "వదినా, గా బస్సు ఖాళీగ ఉన్నది సూడు."

చూశావా, ఉచ్చు పెడుతోంది అనుకున్నాను. "ఖాళీగ ఉంటె ఉండనియ్యి" అని సైకిలెక్కాను. ఎక్కేటప్పుడు పళ్ళు ఎలా బిగబట్టానో నాకే తెలుసు.

టేకులపల్లి

ఆ రాత్రి సుగుణమ్మకు మేనత్త వరసయ్యే ఒకామె ఇంట్లో దిగాం. మంచి మనిషి. మేం గుడికి పోతున్నామని కోడి కొయ్యకుండా ఆపుకుని, చిక్కుడుకాయ కూర, జొన్నరొట్టె చేసింది. మా ఇంట్లో రొట్టె పల్చగా పీట మీద ఒత్తుతాం. ఆమె అరచేతుల మధ్యే చప్పట్లు కొట్టినట్టు కొట్టి, పళ్ళెమంత రొట్టె పెనం మీద వేసింది.

నా మోకాలి సంగతి విని ఆమె ఊరుకోలేదు. ఆముదం కాచి రెండు మోకాళ్ళకూ గంటసేపు మర్దన చేసి, జిల్లేడాకులు వెచ్చబెట్టి గుడ్డతో కట్టింది. సుగుణమ్మను బోర్లా పడుకోబెట్టి నడుముకు ఇసుక కాపడం పెట్టింది. ఆ వైద్యంలో వంక పెట్టడానికి లేదు. జబ్బు ఉన్న చోటికి ఒక్క జానెడు దూరంలో జరుగుతోంది, అంతే.

"ఇప్పుడెట్లున్నది బిడ్డా?"

"మోకాలు మస్తు హాయిగున్నది అత్తా" అన్నాను. అది మాత్రం నిజమే.

కొత్తగూడెం

పొద్దున బయల్దేరాక నాలుగు తొక్కుడులకే మంట మళ్ళీ రాజుకుంది. కొత్తగూడెంలో సైకిల్ షాపు కనబడగానే దిగాను. షాపాయన నోట్లో పాన్ ఓ పక్కకు తోసి, "ఏంది అక్కా ప్రాబ్లం?" అన్నాడు.

మగమనిషికి చెబుతానా? "మోకాలు నొప్పయ్యా."

"గట్లనా. సీటు కిందికున్నది, మోకాలు నొయ్యక ఏం జేస్తది!" అని సీటు లేపి బిగించాడు. పైగా స్పాంజి కవరొకటి చూపించి, "మెత్తగుంటది, ఇరవై రూపాయలు" అన్నాడు. బొంత తీసేసి అది వేయించుకున్నాను. సుగుణమ్మ నడుము నొప్పని చెప్పి, తన సీటు ముక్కు పైకి తిప్పించుకుంది.

ఆయన తప్పేం లేదు. చెప్పిన జబ్బుకు సరైన మందే ఇచ్చాడు. కానీ సీటు ఎత్తయ్యేసరికి నా కాళ్ళు పెడలుకు సరిగా అందడం లేదు. ఒక్కో తొక్కుడుకూ నడుము అటూ ఇటూ ఊగుతోంది, ఊగినప్పుడల్లా రంపం ఇంకాస్త లోతుకు దిగుతోంది. ఆ స్పాంజి అయితే తడి పీల్చుకుని బురదగుంటలా తయారైంది. సుగుణమ్మ వెనక నుంచి "అబ్బా, అమ్మా, రామా" అంటుంటే భక్తి బాగా ముదిరిందనుకున్నాను.

పాల్వంచలో పొగగొట్టాలు కనబడుతుండగా మళ్ళీ అంది. "వదినా, బస్సు."

"నువ్వెన్నిసార్లు ఉచ్చు పెట్టినా నేను పడ వదినా!"

ఆమె నా వైపు ఎందుకంత దీనంగా చూసిందో అప్పుడు నాకు తెలియలేదు.

అడవిలో అవ్వ ఇల్లు

పాల్వంచ దాటితే అడవి. రోడ్డుకు రెండు పక్కలా టేకు, తునికి, ఇప్ప చెట్లు. ఎండుటాకుల చప్పుడు, మా చైన్ల చప్పుడు, అంతే. ఆ నీడలో కాసేపు సైకిల్ నడిపించుకుంటూ పోయాం. నడవడం బస్సెక్కడం కాదు కదా. రోడ్డు పక్కనే ఒక కోయగూడెం, మొదటి ఇంటి వాకిట్లో ఒక అవ్వ, ఆమె కోడలు చింతపండు గింజ తీస్తున్నారు. నీళ్ళడిగితే అవ్వ చాప పరిచి, సొరకాయ బుర్రలోంచి జొన్న జావ ముంతల్లో పోసి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ పెట్టింది. మా దగ్గర నీళ్ళడిగిన మనిషికి నీళ్ళే ఇస్తాం. అక్కడ ఒట్టి నీళ్ళిచ్చి పంపరట.

"కూసోండ్రి బిడ్డా."

"వద్దవ్వా, నాకు మోకాలు నొప్పి."

"నీకు?"

"నడుము నొప్పవ్వా" అంది సుగుణమ్మ.

అవ్వ గింజ తీయడం ఆపి మమ్మల్ని పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చూసింది. "మోకాలు నొప్పైతె కూసుంటరు. నడుము నొప్పైతె పండుకుంటరు. ఇద్దరూ నిలవడి జావ తాగుతున్నరేంది?"

నేను ముంతలో ముఖం దాచుకున్నాను. అవ్వ కోడలితో వాళ్ళ కోయమాటలో ఏదో అంది. కోడలు చింతపండు తట్టలో తలపెట్టి నవ్వింది. నాకు ఆ భాష రాదు, అయినా ఒక్క ముక్క వదలకుండా అర్థమైంది.

నేను సుగుణమ్మ వైపు తిరిగాను. "నీక్కూడనా?"

"ఇల్లెందు కాడ్నుంచి" అందామె, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే.

"మరి చెప్పలేదేంది?"

"నువ్వు చెప్పినవా?"

"నీకు చెప్తె మీ అన్నకు చెప్పినట్టేనాయె! బస్సు బస్సు అనుకుంట నువ్వు నన్ను ఓడగొట్టనీకె చూస్తున్నవనుకున్న."

"సైకిల్ ఎవరిక్కావాలె వదినా! బస్సుల సీటు మీద బోర్ల పండుకోవాలని, గంతే నా కోరిక."

ముందు నాకు నవ్వొచ్చింది, తర్వాత ఆమెకు. నవ్వితే కూడా మండింది.

అవ్వ మమ్మల్ని లోపలికి తీసుకుపోయి, తన పాత నూలు చీర రెండు ముక్కలు చేసి ఇచ్చి, మా లంగాలు విప్పించింది. ఎన్ని ఉతుకులు చూసిందో ఆ చీర, వెన్నలా ఉంది. ఆ తర్వాత నా లంగా కుట్టును బొటనవేలితో తడిమి చూసింది.

"ఇది కుట్టా, కంచెనా? ఎవలు కుట్టిన్రు గిది?"

నేను సుగుణమ్మను చూపించాను. తనకూ అదే కంచె వేసుకుంది కాబట్టి ఇంకేం తిట్టలేకపోయాను.

"కొత్త ఎద్దును దుక్కికి కట్టినమనుకో" అంది అవ్వ, వేపాకు నీళ్ళు పొయ్యి మీద పెడుతూ, "కాడి నున్నగ జేస్తం. మెడకు నూనె రాస్తం. రెండు సాళ్ళు దున్నంగనే విడుస్తం. మొదటిరోజే పొద్దుమూకేదాంక దున్నితె మెడ పుండైతది. మీరు ఎద్దుకంటె గట్టోళ్ళా?"

ఆ వేపాకు నీళ్ళతో కడుక్కుని, గాలికి ఆరి, తర్వాత ఇప్పగింజల నూనె పల్చగా రాసుకున్నాం. "తడి మీద రాయొద్దు, మొత్తం ఆరినంకనే" అని అవ్వ తలుపు బయట నుంచి అరుస్తూనే ఉంది. మర్నాడు కూడా అక్కడే ఉండిపోయాం. బోర్లా పడుకుని చింతపండు గింజ తీశాం. మేం తీసినదాన్ని మేం చూడనప్పుడు కోడలు మళ్ళీ తీసింది. సుగుణమ్మ తుమ్మముల్లుతో కుట్లన్నీ విప్పి, లంగాలు మూడుసార్లు ఉతికి, గంజి పోగొట్టి, పలుచగా ఒంటికుట్టు వేసింది. ఆ కుట్టు కూడా పక్కకు, కాలి బయటివైపుకు వచ్చేట్టు. అవ్వ కొడుకు సైకిల్ పానా అడిగి తీసుకుని నా సీటు దించాం, సుగుణమ్మ సీటు ముక్కును నేలకు సమంగా తిప్పాం. స్పాంజి కవరు అవ్వ గిన్నెలు తోముకోవడానికి ఉంచుకుంది.

ఆ సాయంత్రం వాకిట్లో ఉండగా భద్రాచలం బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ తలుపులోంచి వంగి, "వస్తరా అమ్మా? సీట్లున్నయి, సైకిళ్ళు పైనేద్దాం" అన్నాడు.

సుగుణమ్మ బస్సును చూసింది. ఆమె ఎలా చూసిందో చెప్పలేను, గుడిలో దేవుణ్ణి కూడా అలా చూడలేదు.

"నువ్వు పో వదినా" అన్నాను. "పందెం నాది. నువ్వెందుకు బాధపడాలె? నేను రేపు తొక్కుకుంట వస్త."

"నేను పోతె, నువ్వు తొక్కినవని మా అన్నకు ఎవలు చెప్పాలె? నువ్వు చెప్తె నమ్ముతడా?" కండక్టర్ వైపు చెయ్యి ఊపింది. "పోనియ్యన్నా!"

బస్సు పోయాక రోడ్డునే చూస్తూ, "మెత్తటి సీట్లున్నయి వదినా దాంట్ల" అంది. ఆ బస్సెక్కి కూర్చుని నోరు మూసుకుని ఉంటే సైకిల్ ఆమెదయ్యేది. నేను ముంతలు కడిగే వంకతో లోపలికి పోయాను. అక్కడే ఉంటే ఏడుపొస్తుందని.

గోదావరి

మర్నాడు ఎద్దుల్లాగే పోయాం. రెండు మలుపులు తొక్కడం, దిగి కాసేపు నడవడం. పల్లం వచ్చినచోట పెడళ్ళ మీద నిలబడి గాలి తగలనిచ్చాం. చెమట పడితే ఆగి ఆరబెట్టుకున్నాం. మంట పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. ఉంది. కానీ రంపంలా లేదు, అలిగిన పిల్లిలా ఉంది. దాని జోలికి పోకపోతే ఊరుకుంటుంది.

వంతెన మీద గాలి అడ్డంగా కొట్టింది. ఇసుక లారీ ఒకటి పక్కనుంచి పోతే చీర కొంగు చక్రంలో పడబోయి తప్పింది. సుగుణమ్మ వెనక నుంచి, "దిగకు వదినా, దిగకు, గిప్పుడు లారీకి భయపడి దిగితె మా అన్న గెలిచినట్టె!" అని అరుస్తోంది. తన అన్నను ఓడించడానికి అంత పట్టుదల ఆడపిల్లలకే ఉంటుంది. నేను దిగలేదు. గోదావరి ఆ పక్క నుంచి ఈ పక్కకు ఎంత పొడుగో నా రెండు తొడలకూ తెలుసు.

స్నానం చేసి, తడి పూర్తిగా ఆరాక, ఆ కొత్త చీరలే దులిపి మళ్ళీ కట్టుకున్నాం. కొబ్బరికాయ ధర మా ఊళ్ళోకంటే రెండు రూపాయలు ఎక్కువ. బేరం చేస్తే, "దేవుని దగ్గర బేరమా?" అన్నాడు కొట్టాయన. "దేవుని దగ్గర కాదు, నీ దగ్గర" అంది సుగుణమ్మ. రూపాయి తగ్గించాడు. లోపల ఏం మొక్కుకున్నావని అడిగితే, "తిరుగు ప్రయాణం బస్సులనే అయ్యేటట్టు చూడు సామీ అన్న" అంది. ఆ మొక్కు దేవుడు వెంటనే తీర్చాడు. పందెంలో పోవడమే ఉంది, రావడం లేదు. సైకిళ్ళు బస్సు పైన, మేం కింద, మెత్తటి సీట్లలో.

మళ్ళీ కారేపల్లి

హోటల్ ముందు జనం ఉన్నారు. బావ కావాలనే అందరూ వచ్చే వేళ చూసుకుని పంచాయితీ పెట్టాడు.

"సుగుణా, ఒట్టేసి చెప్పు. పోయేటప్పుడు బస్సెక్కిందా?"

"ఎక్కలే."

"ఒక్క కాడ గూడ?"

"ఎక్కుదామని నేనే చంపుకతిన్న అన్నా. ఆమె ఎక్కలే."

"నువ్వెందుకు ఎక్కుదామన్నవ్? నీకేమైంది?"

హోటలంతా చెవులు రిక్కించింది. సుగుణమ్మ నా వైపు చూసింది, నేను పైకప్పు వైపు చూశాను.

"నీ సైకిళ్ళకు సీట్లు బాగ లేవన్నా" అంది. "మాకు పొద్దాక ఒరుసుకుపోయింది. ఇంకేమన్న అడుగుతవా?"

బావ ముఖం టీ పొడి రంగుకు వచ్చింది. లోపలికి పోయి సైకిల్ తాళం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

తాళం నేను తీసుకున్నాను కానీ సైకిల్ ఇద్దరిదీ అయింది. పొద్దున నేను కూరగాయలకు, సాయంత్రం ఆమె జాకెట్లు పంచడానికి. జానెడు పొడుగు మనిషి కాబట్టి రోజూ సీటు లేపుకుంటుంది, రాత్రి దించి మా ఇంటి ముందు పెట్టాలని మాట. వారానికి రెండుసార్లు మరిచిపోతుంది. అలాంటి పొద్దున నేను వంకాయల గంప కట్టుకుని వాళ్ళ ఇంటిదాకా నడిపించుకుంటూ పోయి, వీధి మధ్యలో నిలబడి, "వదినా, సీటు దించినవా లేదా? మళ్ళా ఒరుసుకుంటది!" అని గొంతెత్తి అరుస్తాను. వీధి చివరిదాకా వినబడుతుంది. వినబడనీ.